ఏ వయస్సుకెంత వ్యాయామం?

మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు వెనుకబడినవని తక్కిన జిల్లాల వారు అంటూ ఉంటారు. కాని కండబలం మాట వచ్చినప్పుడు మాత్రం ఎవరైనా మనవైపు చూడవలసిందే. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి విజయనగరం వచ్చి పిల్లలకు డ్రిల్లు నేర్పిన కోడి రామమూర్తి నాయుడు గారు తరువాత సర్కస్ కంపెనీ పెట్టి దేశదేశాలు తిరిగారు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపడం, మోటారు కార్లను పట్టి నిలపడం, ఏనుగును గుండెలమీద ఎక్కించుకోవడం ఆయన ప్రదర్శనల్లో పేరు పొందిన విద్యలు. 1942లో ఆయన గతించారు. ఈనాటికీ శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరుతోనే ఉంది.

ఇటువంటి బలశాలుల సంగతి వచ్చినప్పుడు మనం జ్ఞాపకం పెట్టుకునేది వారు ఎత్తిన మిక్కిలి పెద్ద బరువునే. అదే బలానికి కొలత అనుకుంటాం. మన విషయంలోనూ ఇదే లెక్క. "కాలేజీ రోజుల్లో వంద దండీలు, రెండొందల బస్కీలు అవలీలగా తీసేవాణ్ణి, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం" అని నలభయ్యో యేట చెప్పుకోని వారు అరుదు. వయస్సు పైబడింది, ఇక మనవల్ల కాదు అని చాప చుట్టేస్తాం. అయితే వయస్సుతో తగ్గేది ఏమిటి, ఎంత తగ్గుతుంది, ఆ తగ్గుదలలో వయస్సు వాటా ఎంత, మన బద్ధకం వాటా ఎంత అనే ప్రశ్నలు వేసుకునేవారు తక్కువ. ఈ ప్రశ్నలకు శరీరశాస్త్రం ఇచ్చే సమాధానాన్ని వీలైనంత తేలిక మాటల్లో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తీవ్రత అంటే ఏమిటి?

బరువులెత్తే వారి శిక్షణశాలలో ఒక చక్కని పద్ధతి ఉంది. అక్కడ గురువు శిష్యుడితో "ఈ రోజు ఎనభై కిలోలు ఎత్తు" అని ఊరికే చెప్పడు. నీవు ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో నూటికి ఎన్ని పాళ్ళు అన్నది చూసి లెక్క కడతాడు. వంద కిలోలు ఎత్తగలవాడికి డెబ్భై కిలోలు నూటికి 70 పాళ్ళు. డెబ్భై అయిదు మాత్రమే ఎత్తగలవాడికి అదే డెబ్భై కిలోలు నూటికి 93 పాళ్ళు. ఇనుము ఒక్కటే అయినా శ్రమ ఒక్కటి కాదు. ఈ పాలునే వ్యాయామ తీవ్రత అంటారు.

నడక, పరుగు, ఈత, సైకిలు వంటి వాటికి కూడా ఇదే సూత్రం. కాకపోతే అక్కడ కిలోలకు బదులు గుండె వేగాన్ని చూస్తాం. ప్రతి మనిషి గుండెకూ ఒక గరిష్ఠ వేగం ఉంటుంది. 220 నుండి వయస్సు తీసివేస్తే అది వస్తుందని చాలా కాలంగా వాడుకలో ఉన్న లెక్క. 2001లో అనేక పరిశోధనలను కలిపి చూసి, వయస్సును 0.7తో గుణించి 208 నుండి తీసివేయడం మరింత సరి అని తేల్చారు. ఈ లెక్క ప్రకారం నిమిషానికి గరిష్ఠ వేగం ఇరవై ఏళ్ళవారికి 194, నలభై ఏళ్ళవారికి 180, అరవై ఏళ్ళవారికి 166. ఇవి సగటు అంకెలే. మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే.

ఇప్పుడు తండ్రీ కొడుకులిద్దరు కలిసి నడుస్తున్నారనుకుందాం. ఇద్దరి నాడీ నిమిషానికి 140 కొట్టుకుంటోంది. ఇరవై ఏళ్ళ కొడుక్కి అది గరిష్ఠంలో నూటికి 72 పాళ్ళు, అంటే మధ్యరకం శ్రమ. అరవై ఏళ్ళ తండ్రికి నూటికి 84 పాళ్ళు, అంటే తీవ్రమైన శ్రమ. నాడి ఒకటే అయినా వ్యాయామం వేరు. అంచేత కొడుకుతో సమానంగా నడవలేకపోయిన తండ్రి తక్కువ వ్యాయామం చేశాడనడం లెక్క తెలియని మాట. నిజానికి ఎక్కువ శ్రమపడినవాడు ఆయనే.

నాడి చూసుకోవడం కష్టం కాదు. మణికట్టు దగ్గర మూడు వేళ్ళు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో గుణిస్తే సరి. ఆ మాత్రం ఓపిక లేనివారికి అంతకన్న సులువైన పరీక్ష ఉంది. నడుస్తూ మాట్లాడగలిగి, కూనిరాగం తీయలేకపోతే అది మధ్యరకం. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే అది తీవ్రం. పాట కూడా హాయిగా సాగుతోందంటే అది షికారు!

శరీరంలో వచ్చే మార్పులు

వయస్సుతో గుండె గరిష్ఠ వేగం తగ్గడం ప్రకృతి ధర్మం. దానిని ఏ కసరత్తూ ఆపలేదు. గుండె నిమిషానికి పంపగల రక్తం తగ్గుతుంది. కండరాలు ఆ రక్తంలోని ప్రాణవాయువును వాడుకొనే శక్తి కూడా సన్నగిల్లుతుంది. ఈ రెండూ కలిసి, ఇరవై అయిదు ముప్పై ఏళ్ళు దాటాక మన దమ్ము పదేళ్ళకు నూటికి సుమారు 10 పాళ్ళ చొప్పున తగ్గుతుంది. కండ కూడా ముప్పై దాటాక పదేళ్ళకు నూటికి 3 నుండి 8 పాళ్ళు తరుగుతుంది. ఇందులో ఒక విశేషం ఉంది. కండలో వేగంగా ముడుచుకునే పోగులు, నెమ్మదిగా ముడుచుకునే పోగులు అని రెండు రకాలు. ముసలితనంలో ముందుగా సన్నబడేవి వేగపు పోగులే. పెద్దవారు కాలు జారినప్పుడు నిలదొక్కుకోలేక పడిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. బలం ఇంకా మిగిలే ఉంటుంది గాని, అది అందవలసిన వేళకు బేగి అందదు.

ఇంతవరకు వయస్సు వాటా. మరి బద్ధకం వాటా ఎంత? దీనికి సమాధానం అమెరికాలోని డాలస్ నగరంలో దొరికింది. 1966లో అక్కడి వైద్యశాస్త్రజ్ఞులు అయిదుగురు ఇరవై ఏళ్ళ యువకులను మూడు వారాలపాటు మంచం దిగకుండా పడుకోబెట్టి, వారి దమ్మును ముందూ వెనుకా కొలిచారు. ముప్పై ఏళ్ళ తరువాత ఆ అయిదుగురినే మళ్ళీ పిలిపించి కొలిచారు. ఈలోగా వారి బరువు సగటున నాలుగో వంతు పెరిగింది, కొవ్వు రెట్టింపయింది. అయినా ముప్పై ఏళ్ళ వయస్సు తెచ్చిన నష్టంకన్న, ఆనాడు మూడు వారాల మంచం తెచ్చిన నష్టమే ఎక్కువ అని తేలింది! తరువాత ఆ యాభై ఏళ్ళ వారిచేత ఆరు నెలలు నడక, మెల్లని పరుగు, సైకిలు మెల్లమెల్లగా పెంచుతూ చేయించారు. వారి దమ్ము ఇరవయ్యో యేట మంచమెక్కక ముందున్న స్థాయికి సుమారుగా తిరిగి వచ్చింది. గుండె గరిష్ఠ వేగం మాత్రం తిరిగి రాలేదు. వచ్చిన మెరుగంతా కండరాలు ప్రాణవాయువును మరింత బాగా వాడుకోవడం వల్ల వచ్చినదే.

అయిదుగురు చాలా చిన్న లెక్కే. కాని అదే మనుషులను ముప్పై ఏళ్ళ ఎడంతో కొలవడం అరుదు గనుక దీనికి విలువ ఎక్కువ.

మొక్కై వంగనిది మానై వంగదంటారు. స్వభావం విషయంలో నిజమేమో గాని కండ విషయంలో ఈ సామెత చెల్లదు. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలోని 86 నుండి 96 ఏళ్ళ మధ్య వయస్సుగల పదిమంది చేత ఎనిమిది వారాలపాటు తొడ కండరాలకు బరువుల వ్యాయామం చేయించారు. పూర్తిచేసిన వారి బలం సగటున నూటికి 174 పాళ్ళు పెరిగింది. వారి చేత ఎత్తించిన బరువులు చూడటానికి చిన్నవే. కాని అవి వారి వారి గరిష్ఠంలో నూటికి 80 పాళ్ళు. కిలోలు తగ్గినా పాలు తగ్గలేదన్నమాట. మనం గ్రహించవలసిన కీలకం ఇదే. వయస్సుతో బరువు తగ్గించుకోవాలి, వేగం తగ్గించుకోవాలి. కాని మన శక్తిలో మనం వాడే పాలును ఊరికే జారవిడవకూడదు.

కూలిపనీ, కసరత్తూ

"పొలంలో పనిచేసేవాడికి వేరే వ్యాయామం దేనికండీ?" అని చాలామంది అడుగుతారు. మన జిల్లాల్లో ఇది నిజంగా ఆలోచించవలసిన ప్రశ్న. ఊడ్పులు, కోతలు, గోగునార తీత, బస్తాల మోత, సముద్రతీరాన వలలాగడం, ఇవన్నీ కష్టమైన పనులే. అయితే కసరత్తుకూ కూలిపనికీ ఒక పెద్ద తేడా ఉంది. కసరత్తులో తీవ్రతను చేసేవాడు నిర్ణయించుకుంటాడు. కూలిపనిలో బస్తా నిర్ణయిస్తుంది, మేస్త్రీ నిర్ణయిస్తాడు, ఆ రోజు కూలి నిర్ణయిస్తుంది.

సిమెంటు బస్తా 50 కిలోలు. పాతికేళ్ళప్పుడు వంద కిలోలు ఎత్తగలవాడికి అది సగం. అతడే యాభై అయిదేళ్ళకు 70 కిలోలే ఎత్తగలిగితే, అదే బస్తా నూటికి 71 పాళ్ళు. బస్తా బరువు తగ్గదు గదా! రోజంతా సాగే పనిలో సగటు శ్రమ మనిషి గరిష్ఠ దమ్ములో మూడో వంతు మించరాదని శ్రమశాస్త్రం చెబుతుంది. పాతికేళ్ళ వాడికి ఆ హద్దు లోపల ఉన్న పని, యాభై అయిదేళ్ళ వాడికి హద్దు దాటిపోతుంది. పైగా ఎండలో అదే పనికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. "మునపట్లాగ సత్తువ నేదు బాబూ" అని మన ఊళ్ళలో వయస్సు మళ్ళిన కూలీ అంటే, అది బద్ధకమని కొట్టిపారేయకూడదు. ఈ లెక్కనే అతడు తన భాషలో చెబుతున్నాడు. అతనికి కావలసింది మరింత కసరత్తు కాదు. తేలికపాటి పని, నీడ, మంచినీళ్ళు, మధ్య మధ్య విశ్రాంతి. విద్యావంతులమై రేపు ఇంజనీర్లుగా, అధికారులుగా, కంట్రాక్టర్లుగా కూలీలచేత పనిచేయించబోయే మనం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తిండి మాట కూడా మరువరాదు. తిండికీ కండకూ గల సంబంధాన్ని విజయనగరం వాసి గురజాడ తన 'దేశభక్తి' గేయంలో ఏనాడో ఎత్తిచూపారు. చాలినంత మాంసకృత్తులు లేని తిండి మీద చేసే శ్రమ కండను పెంచదు. పప్పు, గుడ్డు, చేప, పాలు, ఉలవలు మనకు దొరకనివేమీ కావు.

ఆడపిల్లల సంగతి

మన ఆడపిల్లల్లో చాలామందికి వ్యాయామ తీవ్రత ఏ అరవయ్యో యేటనో కాదు, పదిహేను పదహారేళ్ళకే పడిపోతుంది. హైస్కూలు వరకు ఖోఖో, కబాడీ ఆడిన పిల్ల ఇంటర్మీడియట్‌లో చేరేసరికి మైదానం వదిలేస్తుంది. పెళ్ళితో అసలే ముగుస్తుంది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించిన లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగంమందికి చాలినంత శారీరక శ్రమ లేదు. పురుషుల్లో అది నూటికి 42, స్త్రీలలో 57.

దీనికి జవాబు మన ప్రాంతంలోనే ఉంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరాల్లో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేతగా నిలిచారు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ ఆమె. అప్పటికే ఆమెకు వివాహమయింది. విజయనగరం దగ్గరి కొండవెలగాడ నుండి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల తరగతిలో పతకం గెలిచారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ తరువాత మల్లీశ్వరి పోటీల నుండి విరమించుకొని, 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి అయ్యారు. ఇరవై అయిదో యేట ఎత్తిన 130 కిలోలు ఆమెను యాభయ్యో యేట ఎత్తమని ఎవరూ అడగరు. ఆ మాట ఒప్పుకున్నంత తేలికగా మన విషయంలో ఒప్పుకోము. ఎత్తితే ఆనాటి బరువే ఎత్తాలి, లేకపోతే మానేయాలి అనుకుంటాం.

ఇంటిపని చాలు గదా అనే తల్లులకు ఒక మాట. వంట, గిన్నెలు, బట్టలు ఓపికను తింటాయే గాని, చాలామట్టుకు అవి తేలికపాటి తీవ్రతలోనే ఉండిపోతాయి. అలసట వేరు, వ్యాయామం వేరు.

ఏ వయస్సులో ఏమి చేయాలి?

18 నుండి 64 ఏళ్ళవారు వారానికి 150 నుండి 300 నిమిషాలు మధ్యరకం శ్రమగాని, 75 నుండి 150 నిమిషాలు తీవ్రమైన శ్రమగాని చేయాలని, వారానికి రెండు రోజులైనా కండబలానికి కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 65 దాటినవారికీ ఇదే కొలత. దానికి తోడు వారు పడిపోకుండా తూకం నిలుపుకునే అభ్యాసాలు వారానికి మూడు రోజులు చేయాలి.

ఇరవైలలో ఉన్నవారు తీవ్రమైన ఆటలు ఆడాలి, పరుగెత్తాలి, బరువులెత్తాలి. ఎముక గట్టిపడేదీ, కండ నిలవ చేరేదీ ఈ వయస్సులోనే. నలభైలలో మధ్యరకం శ్రమ ప్రధానం కావాలి. వారానికి ఒకటి రెండుసార్లు మాత్రం కొద్ది నిమిషాలు ఆయాసం వచ్చేటట్టు చేయాలి. కోలుకోవడానికి పట్టే వ్యవధి పెరుగుతుంది గనుక కష్టమైన రోజుకూ, మరో కష్టమైన రోజుకూ మధ్య తేలిక రోజులు ఉండాలి. సూర్యనమస్కారాలు చేసేవారు సంఖ్య తగ్గించి, వేగం తగ్గించి కొనసాగించవచ్చు. అరవైలలో నడకతో పాటు కండబలం, తూకం ముఖ్యం. చేతులు ఛాతీమీద కట్టుకొని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో చూసుకోండి. 60 నుండి 64 ఏళ్ళ పురుషులు 14 సార్లు, స్త్రీలు 12 సార్లు చేయలేకపోతే కాళ్ళబలం తగ్గిందని అర్థం.

ఆషాఢ పౌర్ణమికి మన వైపునుంచి వేలమంది సింహాచలం గిరిప్రదక్షిణకు వెళ్తారు. దారి 32 కిలోమీటర్లు. కుర్రవాళ్ళు రాత్రికి రాత్రి చుట్టివస్తారు. పెద్దవారు ఆగి ఆగి నడిచి మర్నాటికి పూర్తిచేస్తారు. ఎవరి నడక వారిది. దమ్ములో వారు వాడిన పాలు చూస్తే పెద్దవారిదే ఎక్కువ కావచ్చు. పంజాబులో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఫౌజా సింగ్ తన లెక్క ప్రకారం 92వ యేట, 2003లో టొరంటోలో మారథాన్ పరుగును 5 గంటల 40 నిమిషాల్లో ముగించారు. నూరవ యేట, 2011లో, అదే నగరంలో అదే దూరానికి ఎనిమిది గంటలు దాటింది. ఆయన వేగం వదులుకున్నారు గాని పరుగు వదలలేదు. 2025లో రోడ్డు ప్రమాదంలో మరణించేనాటికి ఆయన వయస్సు 114 అని చెబుతారు.

కొన్ని జాగ్రత్తలు

పూర్వ విద్యార్థుల సమ్మేళనం రోజున, ఇరవై ఏళ్ళుగా బంతి ముట్టనివారు ఒక్కసారిగా వాలీబాల్ కోర్టులోకి దిగి కుర్రవాళ్ళతో పోటీపడడం మనకు తెలిసిన వినోదమే. మడమ వెనుక నరం తెగేది సాధారణంగా ఇటువంటి సందర్భాల్లోనే. అలవాటులేని మనిషి ఉన్నట్టుండి తీవ్రంగా శ్రమపడితే గుండెపోటు ప్రమాదం ఆ కాసేపూ ఎన్నో రెట్లు పెరుగుతుంది. నిత్యం వ్యాయామం చేసేవారికి ఆ పెరుగుదల చాలా స్వల్పం. కనుక ఆ రోజు ఆడాలనుకున్నవారు రెండు మూడు నెలల ముందునుంచే నడక మొదలుపెట్టాలి.

శ్రమ చేస్తున్నప్పుడు ఛాతీలో బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని పాకే నొప్పి, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే ఆపి వైద్యుణ్ణి చూడాలి. రక్తపోటుకు బీటా బ్లాకర్ మందులు వాడేవారికి నాడి తక్కువగా కొట్టుకుంటుంది గనుక నాడి లెక్క పనికిరాదు. వారు మాటల పరీక్షనే నమ్ముకోవాలి. మధుమేహం, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని సలహాతోనే తీవ్రత పెంచాలి.

విద్యార్థి మిత్రులారా! శరీరం విషయంలో మీ జీవితంలో అన్నిటికన్న ప్రమాదకరమైన సంవత్సరం అరవయ్యోది కాదు. కళాశాల వదిలిన మరుసటి సంవత్సరం. ఉద్యోగం వెదుకులాట, కొత్త ఊరు, అద్దెగది, హోటలు భోజనం. ఆ ఏడాది ఆట ఆగిపోతే మళ్ళీ మొదలయ్యేది డాక్టరు చెప్పాకనే! విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. మన ఆటస్థలాన్ని ఉదయం, సాయంత్రం రెండేసి గంటలు పూర్వ విద్యార్థులకు, ఊరివారికి తెరిచి ఉంచేటట్టు, అందులో కొంత వేళ స్త్రీలకు ప్రత్యేకించేటట్టు యాజమాన్యాన్ని అడగండి. దీనికి ఖర్చు లేదు. కావలసింది గేటు తాళం తీసే మనిషి ఒక్కడే.

పాఠకులు ఈ సంచిక చివరి ఖాళీ పేజీలో ఈ రోజు తేదీ, పది నిమిషాలు గట్టిగా నడిచాక మీ నాడి, అరనిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారు అన్నవి రాసి పెట్టుకోండి. వచ్చే ఏటి సంచిక చేతికి వచ్చినప్పుడు మళ్ళీ చూసుకోండి. పక్కవాడి అంకెతో పోల్చుకోనక్కరలేదు. మీ అంకెతోనే పోల్చుకోండి.